కోనసముద్రపు ఉక్కు – భిలాయి కొలిమి

సెప్టెంబరు 17వ తేదీన విశ్వకర్మ పూజ. ఆనాడు మన ఊరిలో కొలుములకు సెలవు లేకపోయినను, యంత్రములకు పసుపుకుంకుమలు మాత్రము తప్పవు. గడచిన పూజనాటి సాయంకాలమున సెక్టర్ 6లోని మా యింటికి ప్రక్కయింటి చిన్నది ప్రసాదము తీసికొని వచ్చినది. తండ్రి కర్మాగారములో పని చేయును. తల్లిది పార్వతీపురము. పిల్ల ఇక్కడనే పుట్టి, ఇక్కడి బడిలోనే చదువుచున్నది. పళ్లెము బల్లమీద పెట్టి నన్నొక ప్రశ్న యడిగినది.

“తాతగారూ, ఇస్పాత్‌ని తెలుగులో ఏమంటారండీ?”

“ఉక్కు అంటారమ్మా.”

“మరి లోహా?”

“ఇనుము.”

“రెండూ ఒకటే కదండీ! రెండు పేర్లెందుకు?”

ఉద్యోగకాలమంతయు ఉక్కు నడుమ గడపిన నాకు ఆ పసిదాని ప్రశ్నకు వెంటనే సమాధానము తోచలేదు. ఏదో చెప్పి పంపితిని గాని మనస్సు తృప్తి చెందలేదు. తరువాత ఆలోచింపగా, ఆ రెండు పేర్ల నడుమనున్న భేదములోనే లోహశాస్త్రములోని ముఖ్యరహస్యమొకటియు, తెలుగుదేశపు ఘనచరిత్ర యొకటియు దాగియున్నట్లు కనబడినది. ఈ వ్యాసము ఆ చిన్నదానికి నేను బాకీపడిన జవాబు.

ముందుగా మాటల సంగతి చూతము. ‘లోహము’ అను సంస్కృత శబ్దము తొలుత ఎఱ్ఱని లోహమును, అనగా రాగిని చెప్పి, పిదప ఇనుమునకును, తుదకు లోహములన్నింటికిని పేరైనది. ‘ఇస్పాత్’ అను హిందీ మాట కత్తి యను అర్థముగల పోర్చుగీసు పదము నుండి వచ్చినదని నిఘంటుకారులు చెప్పుదురు. మన ‘ఉక్కు’ అట్లు వలస వచ్చినది కాదు. కన్నడమునను అది ఉక్కే. తమిళమున ‘ఉరుక్కు’. ఆ భాషలో ‘ఉరుకు’ అనగా కరగుట. కావున ఉక్కు అనగా కరగించి తీసిన లోహమని అర్థము. ఇనుమునకును ఉక్కునకును గల భేదమును మన పూర్వులు ఆ రెండక్షరములలోనే చెప్పియుంచిరి. ఈ కరగించుటలోని విశేషమెట్టిదో తెలియవలెనన్న, లోహమనగానేమో కొంచెము తెలిసికొనుట అవసరము.

ప్రకృతిలోని మూలకములలో నూటికి డెబ్బదియైదు పాళ్ళకు పైగా లోహములే. బంగారము, వెండి, రాగి, సీసము, తగరము, తుత్తునాగము, ఇనుము మొదలగునవి మనకు చిరపరిచితములు. వీనికి కొన్ని సామాన్యలక్షణములు కలవు. తోమినచో మెరయును. వేడిని, విద్యుత్తును తమలోనుండి సులభముగా పోనిచ్చును. సమ్మెటతో కొట్టిన రేకుగా పఱచుకొనును. లాగిన తీగగా సాగును. ఒక రాతిని కొట్టిన పగులును, ఉప్పుకల్లును కొట్టిన పొడియగును, కాని రాగిబిళ్లను కొట్టిన వెడల్పగునే గాని విడిపోదు. ఏల?

ఈ ప్రశ్నకు సమాధానము 1897లో ఎలక్ట్రాను కనుగొనబడిన తరువాతనే దొరకినది. 1900లో డ్రూడ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు లోహములోపల ఎలక్ట్రానులు స్వేచ్ఛగా తిరుగాడుచుండునను సిద్ధాంతమును ప్రతిపాదించెను. లోహములోని పరమాణువులు తమ వెలుపలి ఎలక్ట్రానులను ఉమ్మడి ఆస్తిగా విడిచిపెట్టును. ఉమ్మడికుటుంబములోని ధాన్యపుగాదె వలె అవి అందరివియు, ఏ యొక్కరివియు కావు. ఈ ఉమ్మడి ఎలక్ట్రానులే విద్యుత్తును మోసికొని పోవును, వెలుతురును వెనుకకు కొట్టి మెరపు నిచ్చును. పరమాణువుల వరుసలు ఒకదానిపై ఒకటి జారినను ఆ ఉమ్మడి బంధము తెగదు. అందుచే లోహము సాగునే గాని పగులదు.

లక్షణములు సామాన్యములైనను స్వభావములు వేరు. తగరము 232 డిగ్రీల సెంటిగ్రేడుకే కరగును, సీసము 327కు, బంగారము 1064కు, రాగి 1085కు కరగును. ఇనుము కరగవలెనన్న 1538 డిగ్రీలు కావలెను. ప్రాచీనుల కొలిమిలో రాగి కరగెను, బంగారము కరగెను. ఇనుము మాత్రము సుమారు 1200 డిగ్రీల వేడిలో మెత్తబడి, చిట్టెముతో కలసిన ముద్దగా మిగిలెడిది. ఆ ముద్దను మరల మరల కాల్చి, సమ్మెటతో మోది, చిట్టెమును పిండివేసి, ఇనుమును సాధించెడివారు. ఆ ఇనుము సాగును, వంగును, కాని పదును నిలువదు.

పదును నిచ్చునది కర్బనము, అనగా బొగ్గులోని సారము. ఇది మన వంటయింటిలోనే కనబడును. పాతకాలపు ఇనుపగరిటె వంగును గాని విరుగదు, అందులో కర్బనము దాదాపు లేదు. పోత ఇనుముతో చేసిన అట్లపెనము చేయిజారి పడినచో వంగదు, పగులును. అందులో నూటికి మూడు నాలుగు పాళ్ళ కర్బనము కలదు. కత్తిపీట అలుగు ఈ రెంటికిని నడుమనుండును. నూటికి రెండుపాళ్ళకు లోబడి కర్బనముగల ఇనుమే ఉక్కు. మనము చేయు రైలుపట్టాలలో నూటికి ముప్పాతికపాలు మాత్రమే యుండును. ఇంత స్వల్పపదార్థము లోహస్వభావమునే మార్చుట వింతగా తోచవచ్చును. 912 డిగ్రీలు దాటగానే ఇనుములోని పరమాణువుల అమరిక మారి, కర్బనపు పరమాణువులు వాని సందులలోనికి చొరబడగలవు. అప్పుడు దానిని నీటిలో ముంచినచో అవి బయటికి పోలేక చిక్కుకొని, పరమాణువుల వరుసలను జారనీయక పట్టియుంచును. అదియే గట్టిదనము. కమ్మరి కొడవలిని ఎఱ్ఱగా కాల్చి నీట ముంచునపుడు వినవచ్చు ‘సుయ్’ మను చప్పుడులో ఇంత శాస్త్రము కలదు.

కర్బనము చేయు మేలు మరియొకటి యున్నది. అది ఇనుము కరగు వేడిని తగ్గించును. నూటికి 4.3 పాళ్ళు చేరినచో 1147 డిగ్రీలకే కరగును. కావున ముద్దగా నున్న మెత్తని ఇనుమును గాలి తగులని మూసలో పెట్టి, తగిన కర్బనమును చేర్చి, చాలసేపు తీవ్రముగా వేడిచేసినచో అది కర్బనమును త్రాగి, త్రాగినకొలది కరగి, చిట్టెమంతయు పైకి తేలి, అడుగున శుద్ధమైన ఉక్కుబిళ్ల మిగులును. ఇది చెప్పుటకు సులభమే. దీనిని చేయగలుగుట లోకములో బహుకొద్ది దేశములకే లభించినది. అట్టివానిలో దక్షిణభారతము అగ్రగణ్యము, అందు తెలంగాణము ప్రసిద్ధము.

తెలుగుదేశమున ఇనుపపని అతి ప్రాచీనము. జనులు రాక్షసగుళ్ళని పిలుచు బృహత్ శిలాసమాధులలో ఇనుప పనిముట్లు దొరకినవి. నాగార్జునకొండ, ఏలేశ్వరము ప్రాంతముల త్రవ్వకములలోను అట్టి సమాధులు బయల్పడినవి. తరువాతి కాలమున గోదావరికి ఇరుప్రక్కల, నేటి నిర్మల్, నిజామాబాదు, జగిత్యాల జిల్లాలలో, ఊరూర ఇనుపకొలుములు వెలసినవి. వానలకు వాగులలో కొట్టుకొనివచ్చు నల్లని అయస్కాంతపు ఇసుకయే వారికి ఖనిజము. అడవి బొగ్గు వారికి ఇంధనము. నేటికిని ఆ జిల్లాలలో పొలము దున్నునపుడు చిట్టెపుగడ్డలు నాగటికి తగులుచుండును. వీనిలో ఉక్కునకు పేరుపడిన గ్రామము కోనసముద్రము. అది నిజామాబాదు జిల్లాలో కమ్మర్‌పల్లి ప్రాంతమున నున్నది. ప్రక్కయూరి పేరులోనే కమ్మరి యుండుట గమనింపదగినది.

కోనసముద్రపు ఉక్కుపనిని చూచి వ్రాసియుంచినవాడు హెన్రీ వాయిసీ. ఇతడు భారతదేశపు మహాత్రికోణమితి సర్వేలో వైద్యుడుగాను, భూగర్భశాస్త్రజ్ఞుడుగాను పనిచేసి 1824లో మరణించెను. అతని వ్రాత 1832లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. అందువలన తెలియుచున్న విధానము సంగ్రహముగా ఇట్టిది. కొలిమిమట్టిలో ఊక, నూనె కలిపి మూసలు చేసెడివారు. కాలిన ఊక మూసకు అగ్నిని తట్టుకొను బలము నిచ్చును. మిర్తపల్లి ఇనుము, కొండాపురపు ఇనుము అను రెండు వేర్వేరు తావుల ఇనుములను నిర్ణీతమైన పాళ్ళలో తూచి, మూసలో పెట్టి, మూతవేసి, మెత్తెడివారు. ఎద్దుతోలు తిత్తులతో దాదాపు ఒక దినమంతయు ఎడతెగక గాలి ఊదెడివారు. మనుష్యులు వంతులవారిగా మారుచుండెడివారు గాని నిప్పు చల్లారుటకు వీలులేదు. పిదప మూసను తొందరపడక చల్లార్చి, పగులగొట్టి, అడుగున నున్న ఉక్కుబిళ్లను తీసెడివారు. అంతటితో పని ముగియలేదు. ఆ బిళ్లను మరల మట్టితో కప్పి, మందపువేడిలో చాలగంటలుంచి, పెళుసుదనము తగ్గువరకు మరల మరల కాచెడివారు. ఇంత శ్రమకు ఫలితము రమారమి ఒకటిన్నర పౌనుల ఉక్కు.

మైసూరు, సేలము సీమలలో విధానము కొంత వేరు. అచ్చట మూసలో ఇనుముతోపాటు తంగేడు పుల్లలు, జిల్లేడు ఆకులు పెట్టెడివారు. అవి బొగ్గై ఇనుమునకు కర్బనము నిచ్చును. కోనసముద్రమువారు రెండు ఇనుములను కలుపుటలో ఏ యినుమున ఎంత సారమున్నదో చేతితోను, కంటితోను కనిపెట్టగలిగి యుండవలెను. కర్బనమను మూలకము పేరు వారెరుగరు. దాని పాలును మాత్రము ఎరుగుదురు.

ఈ బిళ్లలకు కొనువారు దూరదేశముల నుండి వచ్చెడివారు. వాయిసీ వెళ్లినపుడు కోనసముద్రములో ఇస్ఫహాను నుండి వచ్చిన పారసీక వర్తకులున్నారు. వారు సరకు కొని పోవుటతో తృప్తిపడక కొలిమివద్దనే యుండి, ఇనుము తూచుటను స్వయముగా కనిపెట్టి చూచుకొనెడివారు. తమ దేశములో ఇట్టి ఉక్కును చేయజూచి విఫలులైనట్లు వారే చెప్పిరి. దీనికి సుమారు నూటయేబదియేండ్లకు పూర్వమే, ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే, నీటి అలల వంటి చారలు తేలు డమాస్కసు కత్తులకు పనికివచ్చు ఉక్కు గోలకొండ రాజ్యము నుండియే వచ్చునని వ్రాసెను. గోలకొండ రేవు మచిలీపట్టణము. గోదావరి ముఖమున నరసాపురమువద్ద 17వ శతాబ్దమున ఓడలు కట్టెడివారు. వజ్రములకు, కలంకారీ వస్త్రములకు ప్రసిద్ధికెక్కిన ఆ రాజ్యమునకు ఉక్కును ఒక కీర్తియై యుండెను. కాని ఆ కీర్తి పంపకములో ఒక అన్యాయము జరిగినది. పారసీకపు కత్తులపై కత్తిచేసిన శిల్పుల పేర్లు బంగారుతీగతో పొదిగియుండుటను నేటికిని మ్యూజియములలో చూడవచ్చును. లోకము వానిని డమాస్కసు కత్తులన్నది. మూసలో ఉక్కు కరగించిన తెలుగు కమ్మరి పేరు మాత్రము ఎచ్చటను లేదు.

18వ శతాబ్దాంతమున ఐరోపా దృష్టి ఈ ఉక్కుపై పడినది. బొంబాయిలోని హెలెనస్ స్కాట్ అను వైద్యుడు 1794లో దీని బిళ్లలను లండనులోని రాయల్ సొసైటీ అధ్యక్షుడగు జోసెఫ్ బ్యాంక్సునకు పంపెను. 1795లో జార్జి పియర్సన్ వానిని పరీక్షించి ఒక వ్యాసము చదివెను. అప్పటినుండి ఆ లోకములో దీనికి ‘వూట్జ్’ అను పేరు స్థిరపడినది. ఆ మాట ‘ఉక్కు’ యొక్క వికృతరూపమే యని పండితులు అంగీకరింతురు. ఇనుము, ఉక్కు, పోత ఇనుము ఈ మూడింటి భేదము కర్బనమువలననే యని స్వీడను దేశపు బెర్గ్‌మన్ 1781లోను, ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1786లోను తేల్చి అప్పటికి ఎన్నో యేండ్లు కాలేదు. అనగా మన కమ్మరి తరతరములుగా చేతితో చేయుచున్న పనికి కారణమును శాస్త్రము అప్పుడప్పుడే కనుగొనుచున్నదన్నమాట.

తరువాత దీనిని పట్టుకొన్నవాడు సామాన్యుడు కాడు, మైకేల్ ఫారడే. విద్యుత్ శాస్త్రమునకు పునాదులు వేసిన ఆ మహాశయుడు ఒక కమ్మరి కుమారుడు. 1819 మొదలుకొని కొన్నియేండ్లు స్టోడార్ట్ అను కత్తుల తయారీదారుతో కలసి మన ఉక్కును విశ్లేషించి, దానివంటిది చేయుటకు ప్రయత్నించెను. అందులో అల్యూమినియము కలదని, దానివలననే ఆ గుణము వచ్చినదని తొలుత తలచెను. అది పొరపాటని తరువాత తేలినది. పారిస్ టంకశాలలోని బ్రెయాన్ 1820ల ప్రాంతమున చేసిన పరీక్షలలో అధికకర్బనమే దీని విశేషమని గుర్తించెను. సుమారు నూటికి ఒకటిన్నర పాలు కర్బనముండుటయు, మెల్లగా చల్లారుటయు ఆ అలల చారలకు మూలము. మిశ్రలోహములపై ఫారడే చేసిన కృషి, ఆనాటికి పూర్తిగా ఫలింపకపోయినను, తరువాత వచ్చిన ప్రత్యేకపు ఉక్కులకు దారిచూపినది. ఆ చర్చ ఇప్పటికిని ముగియలేదు. 1998లో అమెరికా శాస్త్రజ్ఞుడు వెర్‌హోవెన్, పెండ్రే యను కమ్మరితో కలసి పనిచేసి, ఖనిజములోని వెనేడియము వంటి లేశద్రవ్యములు లేనిచో ఆ చారలు ఏర్పడవని చూపెను. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రజ్ఞులు అట్టి యొక పాతకత్తిలో అతిసూక్ష్మమైన కర్బనపు నాళికలను చూచినట్లు ప్రకటించిరి.

లోకము దీనిని ఇట్లు పరీక్షించుచుండగా, స్వదేశమున ఏమి జరిగినది? ఈస్టిండియా కంపెనీవారి వృక్షశాస్త్రజ్ఞుడుగా సామర్లకోటలో నుండిన బెంజమిన్ హైన్, 1795లో నూజివీటి సమీపమునగల రమణక్కపేటకు వెళ్లి అచ్చటి ఇనుపపనిని వర్ణించెను. కరవుకు పూర్వము ఆ యూర 40 ఇనుపకొలుములుండెడివనియు, పనివారు కలిగినవారై యుండిరనియు, తాను చూచునాటికి మిగిలినవారు దీనదశలో నున్నారనియు అతడు వ్రాసెను. ఒక కరవు అంతపని చేసినది! ఆకలికి కమ్మరి చనిపోయినను, ఊరు విడిచిపోయినను అతనితోపాటు అతని విద్యయు పోవును. ఏలయన అది తాటియాకుపై లేదు, అతని చేతిలో నున్నది.

కరవు తరువాత అంగడి. ఇంగ్లండులో హంట్స్‌మన్ 1740ల నాటికే మూసలో ఉక్కు కరగించుటను సాధించియుండెను. 1856లో బెస్సిమర్, కరగిన పోత ఇనుములోనికి గాలి నూది అందలి కర్బనమును కాల్చివేయు విధానమును ప్రకటించెను. అంతటితో ఉక్కు టన్నులకొలది చవుకగా దొరకుట మొదలయ్యెను. ఓడలలో వచ్చి రైళ్లలో దిగిన ఆ ఇనుముతో అడవిబొగ్గుపై ఆధారపడిన చిన్నకొలిమి పోటీపడజాలకపోయెను. అడవులపై ఆంక్షలు హెచ్చి బొగ్గు ప్రియమయ్యెను. కత్తుల కాలము గడచి తుపాకుల కాలము వచ్చెను. 19వ శతాబ్దము ముగియునాటికి కోనసముద్రపు మూసలు చల్లారినవి. కమ్మరి మిగిలెను, సీమనుండి వచ్చిన ఇనుపకడ్డీని కాల్చి కొడవళ్లు చేసికొను కమ్మరిగా మిగిలెను. రెండు మూడు తరములలో ఆ విద్య ఎంతగా అంతరించినదనగా, 1980ల తరువాత పరిశోధకులు చిట్టెపుదిబ్బలనుండియు, విరిగిన మూసపెంకుల నుండియు దానిని మరల ఊహించుకొనవలసి వచ్చినది. 2010లో జైకిషన్, శారదా శ్రీనివాసన్, గిల్ జూలెఫ్ మొదలగువారు ఉత్తర తెలంగాణపు గ్రామములలో తిరిగి అట్టి స్థలములను నమోదు చేసిరి. పెంకులనడిగి తెలిసికొనుచున్నాము, మనుష్యుల నడుగు కాలము దాటిపోయినది.

ఇక మనమున్న నేల సంగతి. ఇనుమునకు ఈ ఛత్తీస్‌గఢ్ భూమియు క్రొత్తది కాదు. మైకల కొండలలోని అగరియా జాతివారు కాళ్లతో తిత్తులు త్రొక్కి ఇనుము తీయుచు, లోహాసురుని తమ కులదైవముగా కొలిచెడివారు. 1942లో వెరియర్ ఎల్విన్ వారినిగూర్చి ఒక గ్రంథమే వ్రాసెను. దల్లీ–రాజహరా కొండల ఖనిజమునుగూర్చి భూగర్భశాస్త్రజ్ఞుడు ప్రమథనాథ బోసు 1887లో ప్రకటించెను. ఆ ప్రాంతమునగల ఒక ఊరి పేరు దొండీ లోహారా. 20వ శతాబ్దారంభమున దొరాబ్జీ టాటా నాగపూరు మ్యూజియములో ఒక భూగర్భపటమును చూచి, దుర్గు జిల్లాలోని ఈ ఖనిజమును తెలిసికొని ఇక్కడికి వచ్చెను. ఖనిజము శ్రేష్ఠమే, కాని తగిన బొగ్గు, నీరు సమీపమున సమకూడలేదు. ఆ బోసుగారే 1904లో మయూరభంజిలోని ఖనిజమునుగూర్చి తెలుపగా టాటాలు అటు మరలిరి. జంషెడ్‌పూరు అట్లు వెలసినది. రాజహరా కొండ మరి యేబదియేండ్లు వేచియుండవలసి వచ్చినది.

1955 ఫిబ్రవరి 2వ తేదీన సోవియట్ ప్రభుత్వముతో ఒడంబడిక జరిగినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాదుగారు తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. ఏడాదికి 10 లక్షల టన్నుల ఉక్కు తొలి లక్ష్యము. 1960 నుండి రైలుపట్టాలు తయారగుట మొదలైనది. శ్రీకాకుళము, విజయనగరము వైపు నుండి మనవారు అనేకులు రాయపూరు–విజయనగరపు రైలుమార్గము వెంట ఈ కొలుముల వెలుగును చూచుచు వచ్చి చేరిరి. 1931లో పూర్తియైన ఆ మార్గము లేకున్న మనలో చాలమంది ఇక్కడ నుండెడివారము కాము. నాగలి పట్టిన చేతులు ఇచ్చట కరగిన ఇనుమునకు త్రోవతీయుట నేర్చినవి.

కోనసముద్రమునకును భిలాయికిని పోలికయు కలదు, భేదమును కలదు. వారు కర్బనము లేని మెత్తని ఇనుమును తీసికొని, దానికి కర్బనము చేర్చి ఉక్కు చేసిరి. మనము బ్లాస్ట్ ఫర్నేసులో నూటికి నాలుగుపాళ్ళకు పైగా కర్బనము త్రాగిన ఇనుమును కరగించి తీసి, అందలి కర్బనమును కాల్చివేసి ఉక్కు చేయుదుము. తొలినాళ్ళలో ఓపెన్‌హార్త్ కొలుములు ఆ పని చేసినవి, తరువాత ప్రాణవాయువు నూదు కన్వర్టరులు వచ్చినవి. వారు క్రిందినుండి పైకెక్కిరి, మనము పైనుండి క్రిందికి దిగుదుము. చేరు మెట్టు ఒక్కటే. పరిమాణములో మాత్రము పోలికయే లేదు. 2018లో పనికి వచ్చిన మన ఎనిమిదవ బ్లాస్ట్ ఫర్నేసు దినమునకు సుమారు 8000 టన్నుల ఇనుము తీయగలది. వారి కొలిమి ఒక మూసనుండి దినమంతయు శ్రమించి ఒకటిన్నర పౌనులు తీసినది. వారి ఉక్కు కత్తియై పారసీకపు దర్బారులో మెరసినది. మన ఉక్కు 130 మీటర్ల ఏకఖండపు పట్టాయై దేశమంతట పఱచుకొన్నది. 2022 సెప్టెంబరు 2వ తేదీన నౌకాదళములో చేరిన విక్రాంత్ ఓడకు కావలసిన పలకలు, బొకారో, రూర్కెలాలతోపాటు మన భిలాయియు పోసినది.

ఐనను గర్వించి ఊరకుండుటకు ఈ చరిత్ర వ్రాయలేదు. కోనసముద్రపు కమ్మరికి లోటేమి? విద్య యున్నది, లోకములో పేరున్నది, కొనువారున్నారు. లేనిది ఒక్కటే, తన విద్యను మరియొకరికి అందునట్లు నిలిపియుంచు సాధనము. ఫారడే మూడునాలుగేండ్లు శ్రమించి తెలిసికొనజాలని సంగతిని ఆ కమ్మరిని కూర్చుండబెట్టి అడిగి వ్రాసికొన్నవారు మనలో ఒక్కరును లేకపోయిరి. చదువుకొన్నవాడు కొలిమివద్దకు పోలేదు, కొలిమివాడు చదువువద్దకు రాలేదు. ఇద్దరినడుమ పడిన ఆ అగాధములో ఒక మహావిద్య మునిగిపోయినది.

ఇప్పుడు మన సంగతి చూడుడు. తొలి కొలిమి వెలిగిన దినములలో వచ్చిన తెలుగువారిలో మిగిలియున్నవారు బహుకొద్దిమంది. నల్లటద్దములోనుండి మంటరంగును చూచి ఉక్కు సిద్ధమైనదని చెప్పగలిగినవారు, ఊష్ణమాపకము చెప్పకముందే ఇటుకగోడ అలసినదని శబ్దమువలన గ్రహించినవారు మన సెక్టర్లలో నున్నారు. రష్యను మాటలు నేర్చికొని, వానిని తెలుగుచేసి తోటివారికి పని చెప్పినవారుండిరి. కొందరు పదవీవిరమణచేసి స్వగ్రామములకు పోయిరి, కొందరు కాలము చేసిరి. పిల్లలు హైదరాబాదునకు, బెంగుళూరునకు, విదేశములకు పోవుచున్నారు. పోవలసినదే, తప్పులేదు. కాని పెద్దలచేతిలో నున్న తెలివి ఎవరి పుస్తకములోను ఎక్కక పోవుచున్నది. కర్మాగారపు దస్తరములలో టన్నుల లెక్క నిలుచును, మనుష్యుల నేర్పు నిలువదు.

అందుచే మన సంఘసోదరులకు ఒక విన్నపము. ప్రతియింట ఒక నోటుపుస్తకము పెట్టుడు. ఇంటిపెద్ద ఏ కొలిమివద్ద ఏమి పనిచేసినది, ఏ పొరపాటు ఏమి నేర్పినది, ఏ పనిముట్టును ఏ పేరుతో పిలిచినది ఆయన నోటిమాటగా తెలుగులో వ్రాసికొనుడు. వ్రాయలేనిచో పిల్లలచే ఫోనులో ఆయన మాటలను పట్టించి యుంచుడు. ఏటేట ఈ సంచికలో రెండేసి పుటలు అందుకు కేటాయించినను చాలును. పదియేండ్లకు అదియే ఒక గ్రంథమగును. నూరేండ్లకు భిలాయి చరిత్ర వ్రాయువాడు పెంకుల నడుగ నవసరముండదు.

మరునాడు ప్రక్కయింటి చిన్నదానిని పిలిచి మరల జవాబు చెప్పితిని. “అమ్మా, ఇనుము మెత్తన. బొగ్గుసారము కొంచెము తోడై, నిప్పులో కరిగితే గట్టిపడుతుంది. అలా కరిగి గట్టిపడినదే ఉక్కు. అందుకే రెండు పేర్లు” అంటిని. పిల్ల కొంచెముసేపు ఆలోచించి, “అయితే మా నాన్నగారు రోజూ చేసేది అదేనా?” అని యడిగినది.

“అదేనమ్మా. ఇవాళ ఆయన ఇంటికి వచ్చాక ఎలా చేస్తారో అడిగి రాసుకో” అని చెప్పి, బల్లసొరుగులోని క్రొత్త నోటుపుస్తక మొకటి తీసి చేతికిచ్చితిని.